ఒక్క ఊపిరి సిలబస్

గెడ్డవలస ప్రజా కళాశాలలో ఆటా చదువూ రెండూ వచ్చిన పిల్ల ఒక్కతే ఉండేది. పేరు నూకరత్నం. ఆ పిల్లను సరిదిద్దడానికి కళాశాలకు ఒక ఏడాది పట్టింది.

రత్నం బి.ఏ. ఆఖరి సంవత్సరం, అమ్మాయిల కబడ్డీ జట్టుకు కెప్టెన్. కూతకు వెళ్ళిందంటే ఎదుటి జట్టులో ఎవరో ఒకరు బయటికి నడవాల్సిందే. చదువులో మరీ ర్యాంకు పిల్ల కాదు గాని, ఏ పేపరూ రెండోసారి రాసిన పాపాన పోలేదు. తల్లి జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్తుంది. జీడి నూనె అంటి నల్లబడిన వేళ్ళతోనే కూతురి జెర్సీ ఉతికి ఆరేస్తూ, "నువ్వు బళ్ళో డ్రిల్లు మేస్టరమ్మవైతే నానీ పని మానేత్తాను" అనేది. రత్నం ఆశ కూడా అదే. దానికి దారేమిటో ఆ పిల్ల ఎప్పుడో కనుక్కుని పెట్టుకుంది. యూనివర్సిటీ జట్టుకు ఎంపికైతే, వ్యాయామ విద్య కోర్సులో క్రీడాకారుల కోటా కింద సీటు ఇస్తారు. ఆ సీటులో చేరాలంటే డిగ్రీ కూడా పాసై ఉండాలి. రెండింటిలో ఏది తగ్గినా లాభం లేదు. చదువు ఈ ఏడాదితో అయిపోతుంది కనుక ఎంపిక ఇప్పుడైతే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

ఇంతలో తనిఖీ సంఘం వచ్చింది.

కళాశాలలకు గ్రేడులు పంచిపెట్టే ఆ సంఘం వారు పెచ్చులూడిన గోడలు చూసి ఏమీ అనలేదు. లైబ్రరీ బీరువాల తాళాలు తుప్పుపట్టి ఎంతకీ రాకపోతే "గ్రంథముల భద్రత ప్రశంసనీయం" అని రాసుకున్నారు. అంతా సవ్యంగానే జరిగింది. భోజనాలయ్యాక ప్రిన్సిపాల్ డాక్టర్ కూర్మారావు గారి గదిలో కూర్చుని పళ్ళు కుట్టుకుంటున్న చైర్మన్ గారి చూపు బీరువా మీదికి పోయింది. దాని మీద అమ్మాయిలు గెలిచి తెచ్చిన కప్పులు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఆ తరువాత చూపు తలుపు వెనక్కి పోయింది. అక్కడ పరీక్షా ఫలితాల బోర్డు ఉంది. తలుపు తీసి ఉన్నంతసేపూ ఎవరికీ కనపడకూడదని కూర్మారావు గారే దాన్ని ఆ మూల కొట్టించారు. ఆయన ఖర్మ కాలి ఆ రోజు గాలికి తలుపు మూసుకుంది.

"క్రీడలకూ చదువుకూ నడుమ ఇంత అంతరం ఉందేమిటండీ" అన్నారు చైర్మన్ గారు. "సంస్థ అన్నాక సమతుల్యత ఉండాలి. ఎంత సాధించారన్నది మాకు ముఖ్యం కాదు. రెండింటికీ మధ్య అంతరమెంత అన్నదే మా కొలమానం."

ఆ ముక్కే నివేదికలోకి ఎక్కింది. గ్రేడు సి. ఏడాది గడువిచ్చి, మళ్ళీ వచ్చి చూస్తామని చెప్పి సంఘం కారెక్కింది.

కూర్మారావు గారికి అన్నం సయించలేదు. ఇంకెవరైనా అయితే ఆడేవాళ్ళను కాస్త చదవమనీ, చదివేవాళ్ళను కాస్త ఆడమనీ చెప్పి చేతులు దులుపుకునేవారు. ఆయన అలాంటి మామూలు మనిషి కాదు, విద్యావేత్త. సమస్య మూలంలోకి వెళ్ళాలనుకున్నారు. ఉద్యోగంలో చేరాక మొదటిసారి ఒక సాయంత్రం కబడ్డీ కోర్టు దగ్గరికి వచ్చి, కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. రత్నం కూతకు వెళ్ళింది. ఆయన చెవి ఒగ్గి విన్నారు.

"ఆ అమ్మాయి ఏమంటోంది?" అని ఫిజికల్ డైరెక్టర్ తవిటినాయుడిని అడిగారు.

"కూత పెడతంది సార్. కబడ్డీ, కబడ్డీ అని."

"ఎంతసేపంటుంది?"

"ఊపిరున్నంతసేపూ సార్. మద్దిలో ఊపిరి తీత్తే అవుటైపోద్ది."

"అంతసేపూ అదే మాటా? మార్చదా?"

"అదే మాట సార్."

"దానివల్ల ఒనగూరే జ్ఞానం?"

తవిటినాయుడు బుర్ర గోక్కున్నాడు. "పాయింటొస్తాది సార్" అన్నాడు.

కూర్మారావు గారు కుర్చీలోంచి లేచారు. ఆయన మొహం వెలిగిపోతోంది. "నాయుడు గారూ, మన విద్యార్థినుల ఊపిరి వృథా అయిపోతోంది" అన్నారు.

మర్నాడు సర్క్యులర్ అన్ని క్లాసులకూ వచ్చింది. "క్రీడాసమయమందు విద్యార్థినులు తమ శ్వాసను అర్థరహిత పదోచ్చారణకు వినియోగించుచున్నట్లు గమనించడమైనది. ఇకపై కూతయందు పాఠ్యాంశములు మాత్రమే ఉచ్చరించవలెను. 'కబడ్డీ' అను పదము ఏ సబ్జెక్టు సిలబస్ నందును లేనందున కళాశాల ప్రాంగణమున దాని ఉచ్చారణ నిషేధించడమైనది. ఈ వినూత్న విధానమునకు కూతపాఠము అని నామకరణము చేయడమైనది." కింద కూర్మారావు గారి సంతకం, ఆకుపచ్చ సిరాతో.

రత్నం తిన్నగా తవిటినాయుడి దగ్గరికి వెళ్ళింది. "సార్, రూల్సులో కూతంటే కబడ్డీ అనే ఉండాల గదా?"

"ఉండాలమ్మీ."

"మరి యూనివర్సిటీ సెలక్షన్సుకి ఎల్తే ఏటి సేత్తాం?"

"అప్పుడు సూద్దాం. ఆయనకి పొద్దుకో ఆలోచనొస్తాది, రెండ్రోజులు పోతే అదే పోద్ది. నా సర్వీసు రిజిస్టరు ఆయన బీరువాలో ఉంది తల్లీ, నానేటి అనగలను?" అన్నాడు తవిటినాయుడు. తవిటినాయుడు చెడ్డవాడేం కాదు. చెడ్డవాడైతే ఎదిరించేవాడేమో.

మొదటి పాఠంగా అర్థశాస్త్రంలోని డిమాండు సూత్రం ఖాయమైంది. సాయంత్రం రత్నం మధ్య గీత దాటి, "ఇతర పరిస్థితులు స్థిరంగా ఉన్నప్పుడు" అని మొదలుపెట్టింది. ఆ మాట పూర్తయ్యేలోగా ఎడమ పక్క పిల్ల ఒకతె చీలమండ మీదికి దూకింది, కుడి పక్క ఇద్దరు చేతులు కలిపి నడుం మీదికి వచ్చారు. ఇతర పరిస్థితులు ఏమాత్రం స్థిరంగా లేవు. అయినా రత్నం "ఒక వస్తువు ధర పెరిగినచో దాని డిమాండు తగ్గును" అంటూ ఇద్దరినీ ఈడ్చుకుని గీత దాకా వచ్చింది. తవిటినాయుడు ఈల ఊదాడు. ఒక చేతిలో ఈల, ఒక చేతిలో పాఠ్యపుస్తకం.

"అవుటు. 'ధర తగ్గినచో డిమాండు పెరుగును' అన్నది వదిలేసినావు."

"గీత తాకేశాను కదా సార్."

"గీత తాకినావు గాని సూత్రం సగమే అయింది. సగం సూత్రానికి పాయింటు నేదు."

కబడ్డీలో అవుటైన పిల్లను చచ్చిందంటారు. తన జట్టుకు పాయింటు వచ్చినప్పుడల్లా చచ్చినవాళ్ళు ఒక్కొక్కరే బతికి లోపలికి వస్తారు. కూర్మారావు గారికి ఈ పునర్జన్మ ఉచితంగా ఇవ్వడం నచ్చలేదు. చచ్చిన పిల్ల బతకాలంటే రెండు మార్కుల ప్రశ్న ఒకదానికి జవాబు చెప్పాలని సవరణ తెచ్చారు. ఆ వారం ఆటలన్నిటిలోనూ కోర్టు నిమిషాల్లో ఖాళీ అయిపోయేది. అందరూ చచ్చి గట్టు మీద వరుసగా కూర్చుని "ద్రవ్యోల్బణమంటే ఏటే" అని ఒకరినొకరు అడుక్కునేవారు. కూర్మారావు గారు మేడ మీది నుంచి ఆ దృశ్యం చూసి, ఆటస్థలంలో ఇంత విద్యావాతావరణం తాను ఎన్నడూ ఎరగనని సిబ్బందితో అన్నారు.

తరువాత బి.ఎస్సీ. వాళ్ళ వల్ల ఒక చిక్కు వచ్చింది. కెమిస్ట్రీ అమ్మాయిలు "హైడ్రోజన్, హీలియం, లిథియం" అని మూలకాల పేర్లు ఎత్తుకుని హాయిగా కూత పెట్టసాగారు. ఎక్కడ తెగినా ఏదో ఒక మూలకం పూర్తయ్యే ఉంటుంది. ఇది ఆర్ట్సు విభాగానికి అన్యాయమని చరిత్ర లెక్చరర్ గొడవకు దిగారు. తమ పిల్లలు ఒక్క రాజుగారి బిరుదులు చదివేసరికే ఊపిరి అందక పడిపోతున్నారన్నారు. దీని మీద సమావేశం జరిగింది, టీ తాగారు, ఉపసంఘం వేశారు. ఉపసంఘం బాగా ఆలోచించి, ఏ సబ్జెక్టులోనైనా ఒక్క ఊపిరికి పట్టేంత జవాబే ఉండాలనీ, పట్టనిదంతా తీసివేయాలనీ తీర్మానించింది. దానితో మొత్తం సిలబస్ ఒక్కొక్క ఊపిరి ముక్కలుగా తెగింది. నిర్వచనాలు మిగిలాయి. వివరణలు, ఉదాహరణలు, మినహాయింపులు పోయాయి.

అర్థశాస్త్రం చెప్పే ప్రభావతి మేడమ్ ఒక్కరే లేచారు. "సార్, డిమాండు రేఖ గీయకుండా ఆ సూత్రం పిల్లలకు ఎలా అర్థమవుతుంది? పరీక్షలో పటం అడుగుతారు కదా."

"రేఖను పలకండి మేడమ్" అన్నారు కూర్మారావు గారు. "కూతలో పలకగలిగితే తప్పకుండా ఉంచుదాం. నాకేమీ పక్షపాతం లేదు."

మేడమ్ రేఖను పలకలేకపోయారు. పటాలన్నీ సిలబస్ నుంచి పోయాయి.

సమతుల్యత అన్నాక ఒక వైపే ఉంటే సరిపోదు. ఆటలోకి చదువు వెళ్ళింది కనుక చదువులోకి ఆట రావాలి. ప్రతి క్లాసులోనూ బల్లలకూ నల్లబల్లకూ మధ్య సున్నంతో గీత గీయించారు. లెక్చరరు ఒక్క ఊపిరిలో పాఠం చెప్పుకుంటూ గీత దాటి విద్యార్థుల వైపు వెళ్ళి, ఊపిరి ఉండగానే వెనక్కి రావాలి. విద్యార్థులు డౌటు అడిగి ఆపవచ్చు. ఊపిరి తెగితే లెక్చరరు అవుటు, పీరియడు సమాప్తం. మూడేళ్ళుగా నోరు విప్పని వెనక బెంచీ వాళ్ళకు ఒక్కసారిగా ఎక్కడ లేని జిజ్ఞాసా పుట్టుకొచ్చింది. ప్రభావతి మేడమ్‌కు ఉబ్బసం. ఆవిడ గీత దాటి "ఉపాంత ప్రయోజనం" అనగానే నలుగురు లేచి "డౌటు మేడమ్" అనేవారు. ఆవిడ గుండె పట్టుకుని, పర్సులోంచి మందు గొట్టం తీసి నోట్లో పెట్టుకుని, స్టాఫ్ రూముకు పోయేవారు. ఆ ఏడాది ఆవిడ చెప్పిన పాఠాలన్నీ కలిపినా గంట నిండదు. కళాశాల రికార్డుల్లో మాత్రం విద్యార్థుల డౌట్ల సంఖ్య చూసినవాళ్ళు ముక్కున వేలేసుకోవలసిందే.

ఇంటర్నల్ మార్కులు కూడా కోర్టులోనే వేయడం మొదలుపెట్టారు. క్లాసులో ఎప్పుడూ ఫస్టు వచ్చే అబ్బాయి ఒకడు పుస్తకం మొత్తం వచ్చి కూడా ఊపిరి చాలక సున్నా తెచ్చుకున్నాడు. రత్నానికి నూటికి నూరు వచ్చాయి. సంతోషించాల్సిన పిల్ల బెంబేలెత్తిపోయింది. సూత్రం నోటికి వచ్చింది, నిజమే. అది ఎందుకలా ఉంటుందో అడిగితే మాత్రం చెప్పడానికి ఏమీ లేదు. లోపలికి పోయింది ఏదీ లేదని ఆమెకు తెలుసు. అంతకన్నా పెద్ద భయం ఇంకొకటి ఉంది. సెలక్షన్సు దగ్గరపడుతున్నాయి.

తెల్లారకట్ల ఇంటి వెనక పెరట్లో గీత గీసుకుని పాత కూత సాధన చేయడం మొదలుపెట్టింది. ఒంగి, చేయి చాచి, "కబడ్డీ, కబడ్డీ" అంటూ ముందుకు వెళ్తుంది. అడుగు చురుకందుకోగానే నాలుక తన దారి తాను చూసుకుంటుంది. "ఒక వస్తువు ధర పెరిగినచో" అని వస్తుంది. అక్కడికి ఆగి, పళ్ళు కొరుక్కుని, మళ్ళీ మొదలుపెడుతుంది. పొయ్యి రాజేస్తున్న తల్లి కొన్నాళ్ళు చూసి ఉండబట్టలేక అడిగింది.

"ఏటే, ఆట ఆడతావనుకుంటే దరలు పెరుగుతున్నాయంటావు? దరలు పెరుగుతున్నాయని నాకెరిక నేదా?"

"నోటికి అలగే వచ్చేస్తందే అమ్మా."

"మరి మాన్పించమని మీ పెద్ద మేస్టారికి సెప్పు. సెప్తే ఇనడా?"

రత్నం ప్రిన్సిపాల్ గదికి వెళ్ళింది. సెలక్షన్సు అయ్యేదాకా తమ జట్టుకు పాత కూతతో సాధన చేసుకునే అనుమతి ఇమ్మని అడిగింది. సీటు సంగతి, డిగ్రీ సంగతి అన్నీ చెప్పుకుంది. కూర్మారావు గారు కళ్ళు మూసుకుని ఎంతో ఓపికగా విన్నారు.

"చూడమ్మా, నువ్వు వ్యక్తిగా ఆలోచిస్తున్నావు. కాస్త సంస్థగా ఆలోచించు" అన్నారు. "ఒక వినూత్న విధానం ఆచరణలో ఉన్నప్పుడు మధ్యలో పాత పద్ధతికి మినహాయింపు ఇస్తే అది తిరోగమనం అవుతుంది. పైగా మినహాయింపులు మన సిలబస్‌లోంచి తీసేశాం కదా."

"యూనివర్సిటీలో ఒప్పుకోరు సార్. రూల్సు ఉన్నాయి."

"రూల్సు మార్పుకు లోబడి ఉంటాయి. నేనే స్వయంగా వచ్చి వారికి విశదీకరిస్తాను. నువ్వు నిశ్చింతగా కూత పెట్టు."

రత్నం బయటికి వచ్చింది. మర్నాడు పెరట్లో ఇంకో గంట ముందే గీత గీసుకుంది.

సెలక్షన్సు రోజున గెడ్డవలస జట్టు వెంట కూర్మారావు గారు బ్యానరుతో సహా వచ్చారు. "కూతపాఠము: శ్వాస ద్వారా సమగ్ర విద్య" అని దాని మీద రాసి ఉంది. ఎంపిక చేసే పెద్దలు టెంటు కింద కూర్చున్నారు. వాళ్ళలో ఇద్దరికి రత్నం ఆట ముందే తెలుసు. నిరుడు జిల్లా పోటీల్లో చూశారు. "గెడ్డవలస పిల్ల వచ్చిందా" అని అడిగి మరీ కుర్చీలు ముందుకు జరుపుకున్నారు.

మొదటి కూతకు రత్నమే వెళ్ళింది. గీత తాకి, ఊపిరి నిండా తీసుకుని, మనసులో ఆ ఒక్క మాటనే గట్టిగా పట్టుకుని అడుగేసింది. నోరు తెరిచింది. "ఇతర పరిస్థితులు స్థిరంగా ఉన్నప్పుడు" అని వచ్చింది.

అంపైరు ఈల ఊది దగ్గరికి వచ్చాడు. "ఏం కూతమ్మా అది?"

"తప్పయిపోయింది సార్."

"కూత కబడ్డీ అనే ఉండాలి. వెనక్కి వెళ్ళు. ఎదుటి జట్టుకు పాయింటు."

రెండోసారి పళ్ళ బిగువున "కబడ్డీ, కబడ్డీ" అంటూ వెళ్ళింది. బాగానే వెళ్ళింది. మూలనున్న పిల్లను ఒక్క తాపు తన్ని తిరిగింది కూడా. తిరిగేటప్పుడు ఎవరో చీలమండ పట్టుకున్నారు. ఏడాది పొడుగునా చీలమండ పట్టుకున్న ప్రతిసారీ ఏ మాట వచ్చిందో ఆ మాటే వచ్చింది. ధర, డిమాండు, తగ్గును, పెరుగును, అన్నీ వచ్చాయి. చుట్టూ నిలబడ్డ వాళ్ళు పకపకా నవ్వారు. టెంటు కింద పెద్దలు కూడా నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. తతిమ్మా జట్టంతా అంతే. ఒకతె మౌర్య సామ్రాజ్య పతనానికి కారణాలు చెబుతూ పట్టుబడింది, ఇంకొకతె సవర్ణదీర్ఘ సంధితో.

కూర్మారావు గారు ఫైలు పట్టుకుని కోర్టులోకి నడిచారు. "అంపైరు గారూ, ఇది సామాన్యమైన కూత కాదు. దీని విద్యావిలువను తాము గుర్తించాలి. ఇది బహుళ ప్రయోజన కూత."

"మీరు గీత అవతల నిలబడండి సార్" అన్నాడు అంపైరు.

ఆట ముగిసేసరికి గెడ్డవలసకు కూతలో ఒక్క పాయింటు కూడా రాలేదు. ఎంపికైన వాళ్ళ పేర్లు చదువుతుంటే రత్నం చివరి దాకా నిలబడి వింది. తన పేరు ఉండదని తెలిసి కూడా వింది. ఆమె ఆట ఎరిగిన పెద్దాయన ఒకాయన వెళ్తూ వెళ్తూ తవిటినాయుడితో, "పిల్లకు కాళ్ళు అలాగే ఉన్నాయండీ. నోరే ఎవరో పాడుచేశారు" అన్నాడు. తవిటినాయుడు ఈల జేబులో పెట్టుకుని తల దించుకున్నాడు. రత్నం బస్సులో కిటికీ వైపు తిరిగి గెడ్డవలస దాకా ఏడుస్తూనే ఉంది. ముందు సీట్లో కూర్మారావు గారు, విశ్వవిద్యాలయ స్థాయిలో అర్థశాస్త్ర ప్రదర్శన విజయవంతమైందని పత్రికలకు ప్రకటన రాయించుకుంటున్నారు.

ఇక మిగిలింది డిగ్రీ. ఆట పోయినా చదువు దక్కితే ఏదో ఒకటి చేసుకోవచ్చని రత్నం గుండె దిటవు చేసుకుంది. పరీక్ష హాల్లో అర్థశాస్త్రం పేపరు తిప్పి చూసింది. మొదటి ప్రశ్న డిమాండు సూత్రమే. "డిమాండు సూత్రమును పటము సహాయముతో వివరించి, దాని మినహాయింపులను చర్చింపుము." రత్నం సూత్రం రాసింది. అక్షరం పొల్లు పోకుండా రాసింది. అక్కడితో కలం ఆగిపోయింది. పటం ఎలా ఉంటుందో ఆ పిల్ల ఏడాదిగా చూడలేదు. మినహాయింపులన్న మాట విన్నది ప్రిన్సిపాల్ గదిలోనే. రెండో ప్రశ్నకు నిర్వచనం రాసింది, మూడోదానికి నిర్వచనం రాసింది. తల ఎత్తి చూస్తే హాల్లో అందరి కలాలూ ఆగి ఉన్నాయి. పిల్లలందరూ ఒక్క ఊపిరి రాసి, మిగతా కాగితం వంక చూస్తూ కూర్చున్నారు.

ఫలితాలు వచ్చాయి. ఆ ఏడాది గెడ్డవలస ప్రజా కళాశాల నుంచి పాసైనవాళ్ళు ఎవరూ లేరు. జీవితంలో మొదటిసారి రత్నం ఫెయిలైంది. తల్లి ఆ సంగతి విని, పిక్కలు కొట్టే సుత్తి తీసుకుని పనికి వెళ్ళిపోయింది.

గడువు ప్రకారం తనిఖీ సంఘం మళ్ళీ వచ్చింది. చైర్మన్ గారు బీరువా వంక చూశారు. పాత కప్పుల పక్కన కొత్త కప్పు ఒక్కటీ లేదు. కూర్మారావు గారు తమంతట తామే లేచి, ధైర్యంగా తలుపు మూసి బోర్డు చూపించారు. అక్కడా ఏమీ లేదు.

"ఈ ఏడాది క్రీడల్లో సాధించినది?" అన్నారు చైర్మన్ గారు.

"ఏమీ లేదండి."

"చదువులో?"

"ఏమీ లేదండి."

చైర్మన్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. పక్కనున్న సభ్యుల వంక చూశారు. "అయితే అంతరం?"

"లేదండి" అన్నారు కూర్మారావు గారు.

ఇరవై ఏళ్ళ సర్వీసులో ఇంత కచ్చితమైన సమతుల్యత తాను చూడలేదని చైర్మన్ గారు అక్కడికక్కడే ప్రకటించారు. గ్రేడు ఎ. చుట్టుపక్కల కళాశాలలన్నీ ఈ విధానాన్ని అధ్యయనం చేయాలని సిఫార్సు కూడా చేశారు. సంఘం వారి సమక్షంలోనే మర్నాడు అభినందన సభ పెట్టారు. ఆటలోనూ చదువులోనూ సమానంగా నిలిచిన ఒక విద్యార్థినిని సన్మానిస్తే బాగుంటుందని ఎవరో అన్నారు. కూర్మారావు గారు వెతకనక్కర్లేకపోయింది. రాకపోతే టీసీ ఇచ్చేది లేదని చెప్పి రత్నాన్ని పిలిపించారు.

వేదిక మీద శాలువా కప్పారు. "ఒకప్పుడు ఈ అమ్మాయి క్రీడల వైపు కొంచెం ఎక్కువగా మొగ్గి ఉండేది. ఈనాడు ఏ వైపుకూ మొగ్గకుండా నిలబడింది. సంపూర్ణ సమతుల్యతకు ఈమే నిదర్శనం" అన్నారు కూర్మారావు గారు. కింద కూర్చున్న పిల్లలు చప్పట్లు కొట్టలేదు. తవిటినాయుడు చూపు తన బూట్ల మీద ఉంది. ప్రభావతి మేడమ్ చివరి వరసలోంచి లేచి బయటికి వెళ్ళిపోయారు. రెండు మాటలు మాట్లాడమని మైకు రత్నం చేతికి ఇచ్చారు.

రత్నం మైకు పట్టుకుని ఊపిరి తీసుకుంది.

"నానిక్కడికి వొచ్చినప్పుడు నాకు ఆటొచ్చు సార్, సదువూ అంతో ఇంతో వొచ్చు, రెండూ సమానం సేత్తామని మీరు ఆటలోకి సదువుని తోసేసినారు, సదువులోకి ఆటని తోసేసినారు, ఇప్పుడు గ్రౌండులో నోరు తెరిత్తే దరలు పెరుగుతున్నాయంటాను, పరీచ్చలో కలం పడితే రెండు లైన్లకే అయిపోతంది, సెప్పొద్దా అని మీ గదికొచ్చి సెప్పుకున్నాను, మీరు నన్ను సంస్థలాగ ఆలోచించమన్నారు, సంస్థకి అమ్ముంటాదా సార్, మా యమ్మ పొద్దున్నే మళ్ళీ పిక్కలు కొట్టడానికే ఎల్లింది, నాకు యూనివర్సిటీ పోయింది, డిగ్రీ పోయింది, ఆ రెండూ తీసుకుని మీరు ఎ గ్రేడు కట్టుకున్నారు, ఈ శాలువా నాకెందుకు సార్, నా ఏడాది నాకిచ్చీండి."

రత్నం శాలువా తీసి కుర్చీ మీద పడేసి మెట్లు దిగింది. వేదిక మీద మొదట చప్పట్లు కొట్టింది చైర్మన్ గారు. ఆయన కొట్టారు కనుక తక్కిన వాళ్ళూ కొట్టారు. ఆయన కూర్మారావు గారి వైపు ఒంగి, "గమనించారా" అన్నారు.

"గమనించానండి. మధ్యలో ఎక్కడా ఊపిరి తీసుకోలేదు. అంతా మా శిక్షణేనండి."

"అద్భుతం. ఆ అమ్మాయిని ఇంకొకసారి చెప్పమనండి. మా వాళ్ళు వీడియో తీయలేదు."